కోడింగ్ రాని ఇంట్లో ఆన్‌లైన్ వ్యాపారం



ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి పేరెంట్ మీటింగ్‌లో నన్ను రీడింగ్ గురించో, స్పెల్లింగుల గురించో అడుగుతారు. ఈ మధ్య మాత్రం చాలామంది వేరే ప్రశ్న వేస్తున్నారు. "మా పాపకి కంప్యూటరంటే ఇంట్రెస్ట్ లేదు టీచర్. కోడింగ్ క్లాసులో చేర్పిస్తే రెండు నెలలకే మానేసింది. రేపు అన్నీ ఆన్‌లైనే అంటున్నారు కదా, ఏమైపోతుందో!" అని. ఇంకొందరు అమ్మలు తమ గురించే అడుగుతారు. "నాకు వంటొచ్చు, కుట్టొచ్చు. ఆన్‌లైన్‌లో ఏదైనా పెట్టుకుందామంటే కంప్యూటర్ రాదు" అని.

ఈ రెండు ప్రశ్నలకీ బీఈడీ పుస్తకాల్లో నాకు జవాబు దొరకలేదు. కొంతవరకు మా ఇంట్లో దొరికింది. అందుకే ఈ నెల గ్రామర్ సంగతి పక్కనపెట్టి మా ఇంటి సంగతి చెబుతున్నాను.

మా ఇల్లు, మా అమ్మ కుట్టుపని

మాది గుణదలలోనే ఒక సందు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతోంది. మగ్గం వర్క్ పెళ్లయ్యాక నేర్చుకుంది. నా డిగ్రీ ఫీజులో, బీఈడీ ఫీజులో సగానికి పైగా ఆ మిషన్ మీద సంపాదించిందే. అమ్మతో పాటు ఇద్దరు ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్ల పిల్లల చదువులకీ ఆ గదే ఆధారం.

2022 నాటికి ఆ గదిలో పని తగ్గింది. మెయిన్ రోడ్డు మీద ఏసీ బొటిక్‌లు వచ్చాయి. రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. శ్రావణమాసంలో తప్ప చేతినిండా పని ఉండటం లేదు. నాన్న రిటైర్మెంట్ దగ్గరపడింది. ఇద్దరిలో ఒకరిని మానిపించాలా అని అమ్మ రాత్రిళ్లు లెక్కలు వేసుకునేది.

ఇంకోపక్క ఫోన్లు మాత్రం వస్తూనే ఉండేవి. పెళ్లిళ్లు చేసుకుని హైదరాబాదుకో, బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లిన పాత కస్టమర్లు చేసేవాళ్లు. "పిన్నిగారూ, ఇక్కడ ఎంత పెట్టినా మీ ఫిట్టింగ్ రావట్లేదు. ఈసారి ఊరొచ్చినప్పుడు పది కుట్టించుకుంటా" అనేవారు. ఊరికేమో ఏడాదికోసారి వచ్చేవారు. అడిగేవాళ్లు ఉన్నారు, కుట్టేవాళ్లు ఉన్నారు. మధ్యలో దూరం ఒక్కటే అడ్డం. ఆన్‌లైన్‌లో పెడదామన్న ఆలోచన అలా వచ్చింది. 2023 వేసవి సెలవుల్లో మొదలుపెట్టాం.

"ఆ యాప్ చంక కొలత తీస్తుందా?"

చాలామందిలాగే మేమూ ముందు యాప్ చేసేవాళ్లనే కలిశాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక కుర్రాడు ఇంటికి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి చక్కటి బొమ్మలు చూపించాడు. లాగిన్, కార్ట్, నోటిఫికేషన్లు అన్నీ చెప్పి, మొత్తం 85 వేలు అవుతుందన్నాడు. మా దగ్గర ఈ పని కోసం పక్కన పెట్టింది 90 వేలు.

అమ్మ అంతా విని ఒకే ప్రశ్న వేసింది. "బాబూ, ఆ యాప్ చంక కొలత తీస్తుందా?"

కుట్టు తెలిసిన అమ్మలకు ఈ ప్రశ్న బరువు వెంటనే అర్థమై ఉంటుంది. జాకెట్టు కుదిరేదీ చెడేదీ చంక దగ్గరే. చంక చుట్టు అర అంగుళం తేడా వస్తే చెయ్యెత్తినప్పుడు పట్టేస్తుంది. ఎదురుగా మనిషి నిలబడితే అమ్మ టేపు పెట్టి తీస్తుంది. మనిషి డాలస్‌లో ఉంటే ఎవరు తీస్తారు? ఆ అబ్బాయి నిజాయితీగా "కస్టమరే టైపు చేయాలాంటీ" అన్నాడు. అతను వెళ్లాక నాన్న, "కుర్రాడు మంచివాడే. అతని పని అతనికి వచ్చు. మన పని మాత్రం అతనికి తెలీదు, అది మనమే తేల్చుకోవాలి" అన్నారు.

మా ప్రయాణంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఆన్‌లైన్ వ్యాపారంలో టెక్నికల్ చిక్కు అని మనం భయపడేది చాలాసార్లు కంప్యూటర్‌ది కాదు. ఆ పనిలోనే ఉన్న చిక్కు అది. దాన్ని విప్పాల్సింది పని తెలిసిన మనిషే.

ఆది జాకెట్టే దారి చూపించింది

అమ్మ విప్పిన తీరు చెబుతాను. టేపు కొలతలు ఫోన్‌లో అడగటం వద్దనుకుంది. ఒక్కొక్కరు టేపు ఒక్కోలా పట్టుకుంటారు. దాని బదులు, బాగా కుదిరిన జాకెట్టు ఒకటి ఆదికి పంపమంది. టైలర్లందరికీ తెలిసిన పాత పద్ధతే ఇది. కాకపోతే ఇంతకుముందు పక్క సందు నుంచి వచ్చే ఆది, ఇప్పుడు కొరియర్‌లో వస్తుంది.

దానికి తోడు మూడు నియమాలు పెట్టింది. ఒకటి, కొత్త కస్టమర్ మొదటిసారి పట్టుబట్ట పంపకూడదు, మామూలు కాటన్ బట్టే పంపాలి. అది కుదిరాకే పట్టు. రెండు, లోపల కుట్టులో ఎప్పటికన్నా కాస్త ఎక్కువ బట్ట వదలాలి. అక్కడ లోకల్ టైలరెవరైనా విప్పి సరిచేయడానికి వీలుంటుంది. మూడు, లైనింగ్ గుడ్డ నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాలి. ఇక్కడి కస్టమర్ అయితే లైనింగ్ ముడుచుకుపోతే తిరిగి వస్తుంది. డాలస్ కస్టమర్ తిరిగి రాదు, మరోసారి ఆర్డరూ ఇవ్వదు.

జాకెట్టు కుదిరిందని కబురు వచ్చాక ఆ కొలతకు బ్రౌన్ పేపర్ మీద కటింగ్ తీసి, పేరూ తేదీ రాసి, గదిలో తీగకు తగిలిస్తుంది. రెండోసారి నుంచి ఆది అక్కర్లేదు, బట్ట పంపితే చాలు. కంప్యూటర్ వాళ్లు డేటాబేస్ అంటారే, మాకు అదే ఆ తీగ.

ఇంగ్లిష్ టీచర్ చేసిన పని

నా వంతు పని ఏమిటని మీరు అడగొచ్చు. నాకు కోడింగ్ రాదు, సరిగ్గా సూదిలో దారం ఎక్కించడమూ రాదు. నాకు వచ్చినదల్లా స్పష్టంగా రాయడం.

ఎనిమిదో తరగతిలో సూచనలు రాయడం మీద ఒక పాఠం చెబుతాం. నిమ్మరసం చేసే విధానం రాయమంటాను. తర్వాత పిల్లలు రాసింది రాసినట్లే చేసి చూపిస్తాను. ఒకరు 'నిమ్మకాయ పిండండి' అని రాస్తారు, 'కోయండి' అని రాయరు. నేను కోయని కాయని పిండుతుంటే క్లాసంతా నవ్వుతారు. చదివేవాడు మన పక్కన ఉండడు, వాడికి తెలియనిది ఏదో మనం ఊహించుకుని రాయాలి అన్నది ఆ పాఠం సారం.

అమ్మ కస్టమర్ల కోసం నేను అలాంటి పేజీ ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో రాశాను. ఆది జాకెట్టు ఎలాంటిది పంపాలి, బట్టతో పాటు చీర ఫొటో ఎందుకు పంపాలి, మెడ మోడల్ ఎలా చెప్పాలి, ఏ రోజు లోపల పంపితే ఏ రోజుకి అందుతుంది, కుదరకపోతే ఏం చేస్తాం... ఇవన్నీ ఒక్క పేజీలో. రాశాక కుట్టు గురించి ఏమీ తెలియని పక్కింటి అక్కకి ఇచ్చి, ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చున్నాను. ఆమె నాలుగు చోట్ల ఆగింది. నాలుగు వాక్యాలూ మార్చాను. ఆ పేజీ వచ్చాక అమ్మకి వచ్చే అనుమానాల ఫోన్లు బాగా తగ్గాయి.

ఇక నాన్నది లెక్క. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ప్రతి స్టేజీలో టికెట్ లెక్క రాసిన చెయ్యి అది. పార్సిల్ వచ్చిన తేదీ, ఎవరిది, ఏ రంగు, ఎన్ని పీసులు, అడ్వాన్స్ ఎంత, ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు పంపాం అని గళ్లు గీసి ఒక పెద్ద నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టారు.

మిగతా సరంజామా అంతా మీ ఫోన్లలో ఉన్నదే. వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశంలోకి 2018లో వచ్చింది. అది ఉచితం. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, 'కొత్త ఆర్డర్', 'డబ్బు అందింది' అంటూ లేబుళ్లు తగిలించుకోవచ్చు. యూపీఐ 2016లో మొదలైంది. ఒక క్యూఆర్ కోడ్ పంపితే హైదరాబాద్ నుంచైనా అర నిమిషంలో డబ్బు వస్తుంది. ఫొటోలు పొద్దున పదింటికి వరండాలో, నీడపట్టున తీస్తాం. ట్యూబ్‌లైట్ కింద తీస్తే వంగపండు రంగు నీలంగా కనిపిస్తుందని అమ్మే కనిపెట్టింది. మొదటి ఏడాది మొత్తం మీద ఫోన్ స్టాండుకి, పార్సిల్ కవర్లకి, చిన్న తూకం మిషన్‌కి కలిపి పదివేలు కూడా ఖర్చు కాలేదు. యాప్ లేదు, వెబ్‌సైట్ లేదు.

రెడ్‌బస్ కథలో మనకు తెలియని సగం

ఇది చిన్న కుట్టుపని కాబట్టి కుదిరింది, పెద్ద కంపెనీలకి అలా కుదురుతుందా అని మీకు అనిపించవచ్చు. మీ అందరి ఫోన్లలో ఉన్న ఒక పెద్ద కంపెనీ సంగతే చూద్దాం.

సంక్రాంతికి బెంగళూరు నుంచి బెజవాడకు పిల్లల్ని రప్పించుకోవాలంటే మీరు తెరిచే యాప్ రెడ్‌బస్. దాన్ని పెట్టిన ఫణీంద్ర సామ నిజామాబాద్ జిల్లా తడపాకల్ ఊరివాడు. బిట్స్ పిలానీలో చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తుండేవారు. 2005 దీపావళికి ఇంటికి వెళ్దామని ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. టికెట్ దొరకలేదు. పండగ పూట రూములో ఉండిపోవాల్సి వచ్చింది.

అలాంటి అనుభవం మనలో ఎంతమందికి లేదు? తిట్టుకుని ఊరుకుంటాం. ఆయన మాత్రం, అసలు సీట్లు నిజంగానే లేవా, ఎవరి దగ్గర ఏ సీటుందో ఎవరికీ తెలియకా అని ఆలోచించారు. అప్పట్లో ఏజెంటు నాలుగైదు ట్రావెల్స్‌కి ఫోన్ చేసి అడిగేవాడు. ఎవరి చార్ట్ వాళ్ల దగ్గర కాగితం మీద ఉండేది. ఒక బస్సులో సీటు ఖాళీగా వెళ్తుంటే, పక్క వీధిలో మరొకరు టికెట్ దొరకక వెనక్కి వెళ్లేవారు.

నాన్నకి ఈ కథ చదివి వినిపిస్తే, "ఖాళీ సీటుతో బస్సు కదిలిందంటే ఆ డబ్బు మళ్లీ రాదమ్మా. రేపు అమ్ముకుందామంటే అది కూరగాయ కూడా కాదు" అన్నారు. ఆ కంపెనీ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఫణీంద్ర, ఆయన స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ముగ్గురూ ఇంజినీర్లే. నిజమే. కానీ ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లు. వెబ్‌సైట్ కట్టడం వాళ్లకి తెలియదు. పుస్తకాలు కొనుక్కుని, ఉద్యోగం చేసుకుంటూనే సెలవు రోజుల్లో నేర్చుకున్నారు. దానికన్నా ముఖ్యంగా, బస్సు ఆపరేటర్లని, ఏజెంట్లని, ప్రయాణికుల్ని కలిసి ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నారు. ముందు ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. వాళ్లు ఆసక్తి చూపలేదు. సరే, మీ టికెట్లు మేమే అమ్మిపెడతాం అని దారి మార్చుకున్నారు. 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొన్నది. సుమారు 800 కోట్ల రూపాయలకని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఈ కథ చెప్పేటప్పుడు మనం పిల్లలకి చివరి అంకె చెబుతాం. ఏజెంట్ల చుట్టూ, ఆపరేటర్ల చుట్టూ తిరిగి అడిగిన సగం చెప్పం. వెబ్‌సైట్ ఎలా కట్టాలో పుస్తకంలో దొరికింది. ఆపరేటరుకి ఏం కావాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక ఇంగ్లిష్ టీచర్ కథ కూడా ఉంది

చైనాలో అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా హాంగ్‌జౌ నగరంలో ఇంగ్లిష్ లెక్చరర్. తనకి కోడింగ్ రాదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. 1995లో అమెరికా వెళ్లినప్పుడు మొదటిసారి ఇంటర్నెట్ చూశారు. 1999లో తన ఫ్లాట్‌లో మరో పదిహేడు మందిని కూర్చోబెట్టుకుని అలీబాబా మొదలుపెట్టారు. సాంకేతిక పని తెలిసినవాళ్లు ఆ గదిలో ఉన్నారు. ఆయన తెచ్చింది వేరు. చిన్న ఫ్యాక్టరీలకి విదేశీ కొనుగోలుదారులు దొరకడం లేదన్న సంగతి, వాళ్లతో మాట్లాడే భాష ఆయన దగ్గర ఉన్నాయి. సైట్‌ని తనలాంటి మామూలు మనిషి వాడలేకపోతే అది పనికిరానట్లే అన్నది ఆయన లెక్క.

నేను జాక్ మాని కాదు, అమ్మది అలీబాబా కాదు. కానీ భాష నేర్చుకున్న మనిషికీ, కుట్టు నేర్చుకున్న మనిషికీ ఆన్‌లైన్ లోకంలో చోటుందని ఆ కథ నాకు ధైర్యం చెప్పింది.

బుడమేరు వచ్చిన వారం

ఇప్పటిదాకా చదివి, అంతా సాఫీగా సాగిందనుకోకండి. 2024 సెప్టెంబర్ మొదటి తేదీ విజయవాడలో ఎవరూ మర్చిపోలేరు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లన్నీ మునిగాయి. మా దగ్గర పనిచేసే ఒక అక్క ఇల్లు సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. హుక్కులు, హెమ్మింగ్ కోసం ఆమె ఇంటికి తీసుకెళ్లిన పదకొండు జాకెట్లు అక్కడున్నాయి. అన్నీ దసరాకి అందాల్సిన ఆర్డర్లు. ఐదు పట్టువి.

మొదటి రెండు రోజులు జాకెట్ల మాటే ఎవరం ఎత్తలేదు. ఆమె ఫోన్ కలవలేదు. పిల్లలతో పై అంతస్తు వాళ్లింట్లో ఉందని తర్వాత తెలిసింది. నాలుగో రోజు పడవలో బయటికి వచ్చి మా ఇంటికే వచ్చింది. చేతిలో సంచి. అందులో బురదనీళ్లు పీల్చుకున్న జాకెట్లు. "అక్కా, ముందు ఇవే పైన పెట్టాను, నీళ్లు అక్కడిదాకా వచ్చాయి" అని ఏడ్చింది. అమ్మ ఆ సంచి పక్కన పెట్టి ఆమెకి, పిల్లలకి అన్నం పెట్టింది.

ఆ సాయంత్రమే నాన్న నోటుబుక్కు తెరిచారు. పదకొండు పేర్లు, పదకొండు నంబర్లు. కస్టమర్లు అడగకముందే మేమే ఫోన్ చేశాం. ఏం జరిగిందో చెప్పాం. బురద ఎంత పట్టిందో కనిపించేలా ఫొటోలు పంపాం. బట్ట ధర మేమే ఇస్తామన్నాం. నాలుగు కాటన్ జాకెట్లు ఉతికితే బాగయ్యాయి. ఏడు పోయాయి. ఇద్దరు డబ్బు తీసుకోమని చెప్పేశారు. ఒకామె పెళ్లినాటి పట్టుచీర జాకెట్టు అది. ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఆమె మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు. మొత్తం మీద చేతి నుంచి పడింది 31 వేలు. వెబ్‌సైట్‌కని దాచిన డబ్బులోంచే ఇచ్చాం.

ఆ రాత్రి మానేద్దామా అన్న మాట మా ఇంట్లో వచ్చింది. అమ్మ మాత్రం, "వాళ్లు బట్ట పంపింది ఫోనుని నమ్మి కాదే, మనల్ని నమ్మి. ఇప్పుడు మానేస్తే ఆ అక్క ఇల్లు ఎలా తేరుకుంటుంది?" అంది. మిగతావాళ్లు దసరాకి కాకపోయినా సంక్రాంతికి మళ్లీ బట్టలు పంపారు. వాళ్లలో కొందరు స్నేహితులకీ చెప్పారు. మరునాటి నుంచి ఏ పీసూ గది దాటి వెళ్లకూడదని, హెమ్మింగ్ కూడా ఇక్కడే చేయాలని నియమం పెట్టుకున్నాం.

వ్యాపారం ఆన్‌లైన్‌దైనా నమ్మకం మాత్రం మనుషుల మధ్యదే అని నాకు ఆ వారంలో బాగా తెలిసింది.

మరి టెక్నికల్ మనుషులు అక్కర్లేదా?

అక్కర్లేదని చెబితే అబద్ధం అవుతుంది. వారానికి ఐదారు ఆర్డర్లున్నప్పుడు నోటుబుక్కు చాలు. పెరిగేకొద్దీ ఎవరి పార్సిల్ ఎక్కడుందో వెతుక్కోవడానికే సాయంత్రం అయిపోయేది. 2025లో రెడీమేడ్ టెంప్లేట్‌తో చిన్న వెబ్‌సైట్ పెట్టుకున్నాం. వీడియోలు చూస్తూ ఆదివారాల్లో నేనే కొంత చేశాను. రానిచోట గంటల లెక్కన డబ్బిచ్చి తెలిసినవాళ్లతో చేయించాం. ఏం కావాలో ముందే మాకు స్పష్టంగా తెలుసు కాబట్టి 85 వేలు అడిగిన పని అందులో పావు వంతుతో అయింది.

మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే, మాకు ఉపయోగపడిన కొన్ని సంగతులు ఇవి.

వెబ్‌సైట్ పేరు మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేయించండి. సైట్ చేసిపెట్టినవారి పేరు మీద ఉంటే, రేపు వాళ్లు ఊరు మారితే మీ దుకాణం తాళం వాళ్ల జేబులో ఉన్నట్లే.

డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. 'పేమెంట్ పంపాను, పిన్ కొట్టి తీసుకోండి' అన్నారంటే అది మోసం. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. స్క్రీన్‌షాట్ చూసి కాదు, బ్యాంకు ఖాతా చూసుకున్నాకే పార్సిల్ పంపండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అవుతుంది. దానికి ఫీజు అడిగే సైట్లు కనిపిస్తే అది ప్రభుత్వ పోర్టల్ కాదని గుర్తుపట్టండి.

ఇంట్లో చేసిన పచ్చళ్లు, పిండివంటలు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆన్‌లైన్ కాబట్టి మినహాయింపేమీ లేదు.

జీఎస్టీ లెక్క సేవలకి ఒకలా, వస్తువులకి ఒకలా ఉంటుంది. ఇతర రాష్ట్రాలకి వస్తువులు అమ్మితే మరోలా ఉంటుంది. మొదలుపెట్టే ముందే ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

అన్నిటికన్నా ముందు, రూపాయి ఖర్చు పెట్టకముందే పదిమందితో మాట్లాడండి. 'బాగుంది' అన్నవాళ్లని లెక్కపెట్టకండి. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లని లెక్కపెట్టండి. మాకు మొదటి నెలలో 'భలే ఐడియా' అన్నవాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. బట్ట పంపినవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురితోనే మొదలైంది.

మీ పిల్లల సంగతికి వద్దాం

ఇప్పుడు అమ్మ దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. సింగ్‌నగర్ అక్క కూడా అందులో ఉంది. నెలకు నలభై జాకెట్ల దాకా బయటి ఊళ్లకి వెళ్తాయి. కోట్లు కాదు, లక్షలూ కాదు. నాలుగు ఇళ్లు నడుస్తున్నాయి. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి జనం పోటెత్తి, కొరియర్ బండి మా సందులోకి రాలేని మూడు రోజులూ నాన్నే పార్సిళ్లు భుజాన వేసుకుని వెళ్తారు. మా స్టార్టప్ ఇదీ.

మీ పాపకి కోడింగ్ మీద ఇష్టం ఉంటే తప్పకుండా నేర్పించండి. అది మంచి విద్య. ఇష్టం లేకపోతే మాత్రం దాన్ని జబ్బులా చూడకండి. బాగా వినే పిల్ల, స్పష్టంగా రాసే పిల్ల, లెక్క తప్పకుండా రాసే పిల్లాడు, రంగుల తేడా పట్టే పిల్లాడు, పొరపాటు జరిగితే ముందుగా ఫోన్ చేసి చెప్పే ధైర్యం ఉన్న పిల్ల... ఆన్‌లైన్ లోకంలో వీళ్లందరికీ పని ఉంది. వీళ్లకి కావలసిన కోడింగ్‌ని రేపు నేర్చుకోవచ్చు, మరొకరితో చేయించుకోవచ్చు. ఈ గుణాలు మాత్రం ఎవరితోనూ చేయించుకోలేం. అవి ఇంట్లోనే రావాలి.

అందుకే ఈ నెల మీ పిల్లలకి ఒక చిన్న పని ఇవ్వండి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లకి సరిపోతుంది. మీ వీధిలో ఏదో ఒక పని చేసుకునేవాళ్లని ఒకరిని ఎంచుకోమనండి. ఇస్త్రీ చేసే తాతయ్య కావచ్చు, టిఫిన్ బండి అక్క కావచ్చు, మీ అమ్మగారే కావచ్చు. వాళ్ల దగ్గర అరగంట కూర్చుని మూడే ప్రశ్నలు అడగమనండి. మీ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఏది? మీ దగ్గరికి రావాలనుకుని రాలేకపోతున్నవాళ్లు ఎవరు? వాళ్లు ఎందుకు రాలేకపోతున్నారు?

జవాబులు ఒక పేజీలో, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా రాయించి నాకు పంపండి. ఫోన్, కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. అన్ని పేజీలూ నేను చదువుతాను. వచ్చే పేరెంట్ మీటింగ్‌కి వాటిని క్లాసు గోడ మీద పెడతాం. మీరు వచ్చినప్పుడు మీ పాప మార్కుల లిస్టు చూసే ముందు, ఆ పేజీ ఒకసారి చదవండి.